మక్తాలో ఎవరి పేరు?

రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగి అద్దాల టవర్ల మధ్య నడిచిపోయే వాళ్ల కాళ్ల కింద ఉన్న నేలకు రెవెన్యూ రికార్డులో ఉన్న పేరు నాలెడ్జ్ సిటీ కాదు. రాయదుర్గం పాన్‌మక్తా. అదే శేరిలింగంపల్లి మండలంలో రాయదుర్గం నవ్‌ఖాల్సా అని ఇంకొకటుంది. రాయదుర్గం పాయెగా అని మరొకటి. ఒకే రాయదుర్గానికి మూడు తోకలు. మూడూ నిజాం రాజ్యంలో ఆ నేల ఎవరి చేతి కింద ఉండేదో చెప్పే మాటలే. పాయెగా అంటే నిజాం తర్వాత నిజామంతటి వాళ్లుగా చెలామణీ అయిన పాయెగా ప్రభువుల కింది ఊరు. ఖాల్సా అంటే మధ్యలో జాగీర్దారు లేకుండా నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఊరు. మక్తా అంటే ఏడాదికి ఇంత అని ఖాయం చేసిన మొత్తం చెల్లించి అనుభవించుకునే భూమి.

ఈ మూడింటిలో అతి చిన్న మాట గురించే మేము మాట్లాడదలచుకున్నాం. మక్తా. రెండక్షరాలు.

గజల్ గురించి కొద్దిగా తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ మాట ఇంకోలా పరిచయం. దాశరథి 1961లో 'గాలిబ్ గీతాలు' ఇచ్చిన దగ్గర్నుంచీ, ఉర్దూ మీడియంలో చదువుకున్న సి. నారాయణరెడ్డి తెలుగులో గజళ్లు రాసి పాడి వినిపించిన దగ్గర్నుంచీ మన విమర్శకులకు మత్లా, మక్తా, రదీఫ్, కాఫియా కొత్త కాదు. గజల్ మొదటి షేర్ మత్లా. చివరి షేర్ మక్తా. ఆ చివరి షేర్‌లోనే కవి తన తఖల్లుస్, అంటే తన కలం పేరు, చెప్పుకుంటాడు. అప్పటిదాకా ప్రేమికుడు మాట్లాడాడో, తాగుబోతు మాట్లాడాడో, సూఫీ మాట్లాడాడో తెలియదు. మక్తాలో కవి తన్ను తానే పేరు పెట్టి పిలుచుకుంటాడు. వినేవాళ్లు అక్కడ వాహ్ అంటారు.

అంటే తెలుగులో రెండు మక్తాలున్నాయి. ఒకటి తహసీల్ ఆఫీసులో, ఒకటి ముషాయిరాలో. గజల్ మీద వ్యాసం రాసే వాళ్లు భూమి మక్తా ఊసెత్తరు. భూముల చరిత్ర రాసేవాళ్లకి గజల్‌తో పనిలేదు. ఈ రెండూ ఒకే మాటని చెప్పడానికి ఎవరూ పూనుకోకపోవడం వెనక వట్టి అశ్రద్ధ మాత్రమే ఉందని మేము అనుకోవడం లేదు.

రెండూ ఒకటే. అరబ్బీలో ఖాఫ్, తోయ్, ఐన్ అనే మూడు హల్లులు కలిస్తే కోయడం, తెంచడం అని అర్థం. కవిత తెగిపోయే చోటు మక్తా. ఒక మొత్తాన్ని తెగ్గోసి చెప్పి ఇచ్చిన భూమి కూడా మక్తానే. ఉర్దూ రాతలో భూమి మక్తాకి చివర ఒక అక్షరం ఎక్కువ, అంతే తేడా. తెలుగువాళ్లం కూడా బేరం తెగింది అంటాం, ధర తెగ్గొట్టి చెప్పు అంటాం. అరబ్బు చేసిన పనే మన రైతూ తన మాటతో తాను చేశాడు. పక్కన మత్లా ఉంది చూడండి, అది ఉదయించడం అనే మూలం నుంచి వచ్చింది. ఉదయించిన చోటు మత్లా, తెగిన చోటు మక్తా. ఇంత అందమైన జంట మాటల్లో ఒకటి సర్వే నంబర్ల పక్కన కూర్చుని ఉంది.

ఇక్కడ ఒక పిడకల వేట. మేము హైదరాబాదీలం ఖాఫ్‌ను సరిగ్గా పలకం. గొంతు లోపల్నుంచి రావాల్సిన ఆ శబ్దం మా నోట్లో 'ఖ' అయిపోతుంది. మఖ్తా అంటాం. దానికి లక్నో ఉర్దూ మమ్మల్ని చూసి నవ్వుతుంది. ఇటు తెలుగు పండితుడు మా తెలుగును చూసి నవ్వుతాడు. దక్కనీ మాట్లాడే వాడికి రెండు వైపులా పరీక్షే. తెలుగు లిపి మాత్రం ఈ గొడవంతా పక్కన పెట్టి 'మక్తా' అని రాసుకుంది. ఆ లిపిలో మక్తబ్ కూడా ఇలాగే కనిపిస్తుంది గానీ దానికి దీంతో చుట్టరికం లేదు. అది రాయడం అనే వేరే మూలం నుంచి వచ్చిన బడి.

ఇప్పుడు నిఘంటువుల సంగతి. మక్తాను బ్రౌన్ దొర గుర్తించాడు. హిందుస్తానీ మాట అని చీటీ పెట్టాడు. తెలుగులో వాడే మిశ్రమ మాటలకు, అన్యదేశ్యాలకు ఆయన 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే వేశాడు. ఆ మాటలు రాకుండా కచేరీలో ఒక్క అర్జీ చదవలేమని ఆయనకు తెలుసు గనకనే వేశాడు. అందుకు ఆయనకు సలాం. కానీ ఆ ఏర్పాటు చూడండి: తెలుగు మాటలకు ఒక పుస్తకం, ఈ మాటలకు వేరే పుస్తకం. ఊరికి ఒక వీధి, వీళ్లకు ఊరి బయట ఇంకో వీధి. తత్సమం, తద్భవం, దేశ్యం, చివర అన్యదేశ్యం అని మన వ్యాకరణాలు వేసిన వరుస కూడా అలాంటిదే. సంస్కృతం నుంచి వచ్చింది సమం, పార్సీ అరబ్బీల నుంచి వచ్చింది అన్యం. రెండూ బయటి నుంచే వచ్చాయి కదా అని బడిలో అడిగిన పిల్లవాడికి ఏం జవాబు చెబుతారో మాకు వినాలని ఉంది. శతాబ్దాలుగా రైతు నోట నానిన మాట ఇంకా అన్యదేశ్యమే అయితే, ఆ మాట మాట్లాడే మనిషిని ఏమంటారో మేము రోజూ వింటున్నాం.

మక్తా అన్యదేశ్యమైతే దేశ్యం ఏమిటి? గుత్త. కన్నడంలో గుత్తిగె, తమిళంలో కుత్తగై. అసలైన ద్రావిడ మాట. ఇది మాకూ ఇష్టమైన మాటే. కానీ దాని నడక చూడండి. గుత్తేదారు అయింది. 'దారు' పార్సీ తోక. దేశ్యం వచ్చి అన్యదేశ్యాన్ని పెళ్లాడితే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. తర్వాత వామపక్ష పత్రికలు గుత్త పెట్టుబడి, గుత్తాధిపత్యం అంటూ ఆ మాటను ఎక్కడికో తీసుకుపోయాయి. మక్తా మాత్రం పొలం గట్టు మీదే ఉండిపోయింది. కృష్ణా గోదావరి జిల్లాల్లో ఉర్దూ ముక్క రాని రైతు కూడా మక్తా అంటాడు. పంట పండినా ఎండినా కౌలుదారు భూస్వామికి కొలిచి ఇవ్వాల్సిన నికరమైన గింజలు అని అక్కడ దానర్థం. నిజాం పాలన ముగిసి ఎన్నో తరాలు గడిచిన నేల మీద కూడా ఆ మాట బతికింది. ఎందుకంటే దాని అవసరం బతికింది.

అవసరం ఎవరిది అన్నదే అసలు ప్రశ్న. తెగ్గోసిన మొత్తం అనేది పైవాడికి నిశ్చింత, కిందివాడికి గండం. ఈ తూకం ఒక్క మన దగ్గరే లేదు. ఒట్టోమన్ ఖజానా లెక్కల్లో ముకాతా అంటే ఏడాదికి ఇంత అని పాడుకున్న పన్ను వసూలు హక్కు. ఢిల్లీ సుల్తానుల కాలంలో ఇక్తా అంటే సేనానికి కోసి ఇచ్చిన ముక్క, దాన్ని పట్టుకున్నవాడు ముక్తీ. అందరూ అదే మూలం బిడ్డలు. అరబ్బులు గజాను ఖితా గజ్జా అంటారు. ఖితా అంటే కోసిన ముక్క. 2023 అక్టోబరు నుంచి ప్రపంచమంతా ఆ ముక్క పేరు వింటూనే ఉంది. రమల్లాలో పాలస్తీనా ప్రభుత్వ ప్రాంగణం పేరు ముఖాతా. 2002లో యాసర్ అరాఫత్‌ను చుట్టుముట్టి బంధించింది అందులోనే. అదే మాటకు ఉర్దూలో బహిష్కరణ అనే అర్థం ఉంది. ఊళ్లో ఫలానా వాళ్ల దుకాణంలో కొనకండి అని ఎవరైనా చాటింపు వేస్తే దాన్ని ముఖాతా అంటారు. ఒకే కత్తి. పద్యాన్ని కోసింది, పొలాన్ని కోసింది, దేశాన్ని కోసింది, మనుషుల్నీ కోస్తోంది.

రాయదుర్గంలో రెండో తోక, నవ్‌ఖాల్సా. దీన్ని వదిలేస్తే కథ సగమే. ఖాల్సాకు మూలం శుద్ధం కావడం, విడుదల కావడం. ఇతరుల వాటా లేని శుద్ధమైన సర్కారు భూమి గనక ఖాల్సా. 1699లో గురు గోవింద్ సింగ్ ఆనంద్‌పూర్‌లో నిలబెట్టిన పంథ్ పేరు కూడా ఇదే మాట. హైదరాబాదు గల్లీలో ఖలాస్ అంటే పని అయిపోయిందని, ఒక్కోసారి మనిషే అయిపోయాడని. ఖులాసా అంటే ఉర్దూలో విప్పి చెప్పిన సారం. అదే తెలుగులోకి వచ్చి కులాసా అయింది. 'ఇక్కడ మేమంతా కులాసా, అక్కడ మీ కులాసాకు జాబు రాయగలరు' అని తరాల తరబడి తెలుగు తల్లులు రాయించిన ఉత్తరాల్లో ఆ మాట అన్యదేశ్యం అని ఎవరికీ అనిపించలేదు. ఇక తఖల్లుస్. కవి కలం పేరు. అదీ ఈ మూలం నుంచే. అరబ్బీ ఖసీదాలో పీఠిక నుంచి తప్పించుకుని అసలు స్తుతిలోకి దిగే మలుపును తఖల్లుస్ అనేవారు. పార్సీ వాళ్ల చేతిలో అది కవి పేరైంది.

అంటే గజల్ మక్తాలో తఖల్లుస్ ఉన్నట్టే, రాయదుర్గంలో పాన్‌మక్తా పక్కన నవ్‌ఖాల్సా ఉంది. ఏ పట్వారీ కూడా కవిత్వం రాద్దామని ఇలా రాసి ఉండడు. శిస్తు లెక్క రాసుకున్నాడు, అంతే. ఒక భాష ఒక నేల మీద ఎంతకాలం బతికితే దాని కవిత్వమూ దాని లెక్కల పుస్తకమూ ఇలా ఒకే మాటలతో నడుస్తాయో అనేది మేము చూపదలచుకున్న విషయం. ఉర్దూ ఇక్కడికి అతిథిగా రాలేదు. దస్తావేజు రాసింది, శిస్తు గుంజింది, ప్రేమించింది కూడా.

'శిస్తు గుంజింది' అన్న మాటను దాటెయ్యం. మక్తా అనే మాట తీయగా ఉంది కదా అని మేము మక్తాదార్ల కోసం కన్నీళ్లు పెట్టబోవడం లేదు. హైదరాబాదు ముస్లిం అనగానే నవాబు, షేర్వానీ, బిర్యానీ, గజల్ అనుకునే వాళ్లకి మేమెప్పుడూ అర్థం కాలేదు. మాలో ఎక్కువమంది పూర్వీకులు మక్తా తీసుకున్నవాళ్లు కాదు, మక్తా కట్టినవాళ్లు. దూదేకినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు, జట్కా తోలినవాళ్లు, ఇంకొకడి చెలకలో కూలికి పోయినవాళ్లు. 1940లో విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టులో కొట్లాడి అతని మనుషుల చేతిలో చచ్చిపోయిన షేక్ బందగీ ముస్లిమే. రాజ్యం ముస్లింది, దేశ్‌ముఖ్ హిందువు, చచ్చింది ముస్లిం రైతు. ఈ లెక్క ఏ మతం పుస్తకంలోనూ కుదరదు. 'మా భూమి' నాటకం ఆ కథ మీద నిలబడింది. ఆందోల్‌లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ గజల్ మక్తాలో తన పేరు నిలిపినవాడు, అదే మనిషి భూమి మక్తాలను, జాగీర్లను కూల్చడానికి పార్టీలో పనిచేసి అజ్ఞాతంలోకి పోయినవాడు. ఒక మక్తాను ప్రేమించి ఒక మక్తాను ద్వేషించవచ్చని ఆయన జీవితమే చెబుతుంది.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. జాగీరు అనే మాటలో ఏమేమి చేరతాయో అందులో చెప్పారు. పాయెగా, సంస్థానం, మక్తా, అగ్రహారం. అవును, అగ్రహారం కూడా. నిఘంటువులో అగ్రహారం మనది, మక్తా అన్యదేశ్యం. చట్టంలో రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. దున్నేవాడి వీపు మీద రెండూ ఒకటే బరువు గనక ఆ చట్టం రాసినవాళ్లు మన భాషావేత్తల కంటే నిజాయితీగా ఉన్నారని మాకనిపిస్తుంది. మరి ఇవాళ అగ్రహారం అనే పేరు వింటే పవిత్రత, మక్తా అనే పేరు వింటే పరాయితనం ఎందుకు కనిపిస్తాయి?

మాటల అర్థం వట్టి పండితుల సరదా కాదని మణికొండ చెబుతుంది. మణికొండ జాగీర్ అని ఊరి పేరులోనే జాగీరుంది. హుస్సేన్ సాగర్ కట్టించాడని చెప్పే హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా అక్కడుంది. ఆ దర్గా కింద 1654 ఎకరాల 32 గుంటలు వక్ఫ్ అవునా కాదా అని ఏళ్లకేళ్లు వాదన నడిచింది. ఐటీ కంపెనీలు, మేనేజ్‌మెంట్ కళాశాల, నివాస టవర్లు లేచిన నేల అది. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు వైపు చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి నేల ప్రభుత్వానిదే అంది. ఆ తీర్పు మంచిచెడ్డలు న్యాయవాదులకు వదిలేస్తాం. మేము చూసేది ఆ వాదనలో నలిగిన మాటల్ని. జాగీరు, ఇనాం, వక్ఫ్, మష్రూతుల్ ఖిద్మత్. ఈ చివరి మాటకు అర్థం సేవ చేస్తే దక్కేది. అందులోని మష్రూత్ మన షరతుకు అన్న. మాట అర్థం ఒక జానెడు ఇటు జరిగితే నేల దర్గాది, అటు జరిగితే సర్కారుది. ఆ నేలలోనే ఒక భాగాన్ని 1998లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. మక్తా అంటే గజల్‌లో ఆఖరి షేర్ అని పాఠం చెప్పే తరగతి గది ఉన్నది మక్తాలూ జాగీర్లూ కోర్టులో తేలిన నేల మీద.

ఇప్పుడు పేర్ల దగ్గరికి వద్దాం. హైదరాబాదులో మక్తా అనే పేరు ఎక్కడ మిగిలిందో గమనించండి. రాజ్‌భవన్ పక్కన ఎం.ఎస్. మక్తాలో మిగిలింది. ఇరుకు గల్లీలు, చిన్న ఇళ్ల బస్తీ. మియాపూర్ దగ్గర మక్తా మహబూబ్‌పేటలో మిగిలింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన నాటి నుంచి ఆ చుట్టుపక్కల వచ్చిన పేర్లు మాత్రం హైటెక్ సిటీ, సైబరాబాద్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నాలెడ్జ్ సిటీ. పేదలుండే చోట మక్తా, కోట్లు పలికే చోట నాలెడ్జ్. 2019 నవంబరులో మెట్రో వచ్చినప్పుడు స్టేషనుకు రాయదుర్గ్ అని పెట్టారు, తోక తెగ్గోసి. ఇది ఎవరో కుట్ర పన్ని చేసిన పని అని మేము అనడం లేదు. సగం పని కుట్ర లేకుండానే జరుగుతుంది. సైబరాబాద్‌లో 'ఆబాద్' పార్సీదే కదా అని ఒక మిత్రుడు మమ్మల్ని ఓదార్చాడు. నిజమే. పనికొచ్చిన తోకను ఉంచుకుంటారు.

గజల్ మక్తాలో కవి పేరు చెప్పడం గౌరవం. ఈ కారిడార్‌లో ఇల్లు అద్దెకు అడిగేవాడు పేరు చెప్పడం గండం. ఫోన్లో అన్నీ కుదురుతాయి. రెండు బెడ్‌రూములు, నెల అద్దె, అడ్వాన్సు, లిఫ్టు, కంపెనీ పేరు. చివర్లో 'మీ పేరు సార్?' అంటారు. అక్కడ తెగుతుంది. ఓనరు వాళ్ల తమ్ముడు వస్తున్నాడట, లేదా మాంసం వండకూడదట, లేదా ఏ కారణమూ చెప్పరు. అదే పేరున్న కుర్రాడు రాత్రి అదే గేటు దగ్గరికి భోజనం పార్సిల్ తెస్తే తీసుకుంటారు. అదే పేరున్న మనిషి క్యాబ్ తోలితే ఎక్కుతారు. టవర్లు ఊడ్చే ఆడవాళ్లు, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ వాళ్లు, వీళ్లందరినీ కంపెనీ కాకుండా ఒక కాంట్రాక్టరు తెస్తాడు, తలకు ఇంత అని తెగ్గోసి. ఆ ఏర్పాటుకు ఈ నేల మీద పాత పేరొకటుంది. కొత్త పేరే అందరికీ నచ్చింది.

ఇక్కడ గజల్ విమర్శకులతో మాకో పేచీ ఉంది. తెలుగులో గజల్ గురించి రాసినవాళ్లు దాన్ని సున్నితత్వంగా, మధువుగా, విరహంగా చూపించారు. ఛందస్సు చెప్పారు, కాఫియా నియమాలు చెప్పారు, మేలు చేశారు. కానీ గజల్‌ను అది పెరిగిన నేల నుంచి కోసి తెచ్చి పూలకుండీలో పెట్టారు. అదే నేల మీద మక్తా అంటే కౌలు అని, ఆ కౌలు కట్టలేక ఊరొదిలిన రైతులున్నారని, వాళ్లలో ఈ భాష మాట్లాడేవాళ్లూ ఉన్నారని ఒక్క వాక్యం రాసి ఉంటే గజల్ బరువు పెరిగేది. భాషను మెచ్చుకుని మనుషుల్ని వదిలెయ్యడం మాకు బాగా అలవాటైన మెప్పు. సభలో షేర్ చదివితే చప్పట్లు, వీధిలో అదే భాష మాట్లాడితే పాకిస్తాన్.

రెవెన్యూ భాషతో మా పేచీ వేరు. అది మాటను ఉంచుకుంది, అర్థాన్ని మరిచిపోయింది. పాన్‌మక్తా అనేది కంప్యూటర్‌లో గ్రామం పేరు కింద ఎక్కిన అక్షరాల వరుస మాత్రమే. కానీ ఈ పేర్లు చచ్చినవి కావు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు, కంచ అంటే పశువులు మేసే బీడు అని ఎంతోమంది తెలుగువాళ్లు ఆ పేరును మళ్లీ చదువుకున్నారు. కంచను చదివినట్టే మక్తానూ చదవమంటున్నాం. కంచ దేశ్యం గనక మనది, మక్తా అన్యదేశ్యం గనక వాళ్లది అని పంచుకోవద్దంటున్నాం.

రాయదుర్గం పాన్‌మక్తా సర్వే నంబరు 83. అందులోని 526 ఎకరాల 7 గుంటల మీద పట్టణ భూపరిమితి చట్టం కింద నడిచిన వ్యాజ్యం 2010లో సుప్రీంకోర్టులో ప్రభుత్వం వైపు తేలింది. 2025 అక్టోబరులో రాయదుర్గం నాలెడ్జ్ సిటీలో ప్రభుత్వ సంస్థ వేలం పెడితే ఎకరం 177 కోట్లు పలికింది. పత్రికలన్నీ నాలెడ్జ్ సిటీ రికార్డు అని రాశాయి. అయితే రిజిస్ట్రేషన్ కాగితంలో బ్రాండు పేరు సరిపోదు, రెవెన్యూ గ్రామం పేరు రాయాలి. కొన్నవాళ్లు ఎవరైనా, ఏ భాష మాట్లాడినా, దస్తావేజులో రాయదుర్గం పాన్‌మక్తా గ్రామం, శేరిలింగంపల్లి మండలం, రంగారెడ్డి జిల్లా అని రాయించుకుని, కింద తమ పేరు సంతకం పెట్టాల్సిందే.